డ్రాయింగ్ పీరియడ్ మీ నెత్తిన పడిందా? చుక్కల ముగ్గుతో మొదలుపెట్టండి

హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు పోస్టు ఖాళీగా ఉంటే ఆ పీరియడ్ తెలుగు సారుకో సోషల్ మేడమ్‌కో అంటగట్టడం మనకు కొత్తేమీ కాదు. నాకూ అలాగే వచ్చింది. నేను చెప్పేది తెలుగు, నా గీత చూస్తే మా పిల్లలే నవ్వుతారు. మొదటి ఏడాది బోర్డు మీద ఒక కుండ, దాని అంచున ఒక చిలక వేసి "ఇది దించండి" అని కుర్చీలో కూర్చున్నాను. 42 మంది, 42 చిలకలు, అన్నీ నా చిలకలాగే మెడ లేకుండా. బొమ్మ వచ్చిన నలుగురు పది నిమిషాల్లో ముగించి పక్కవాళ్ళవి కూడా వేసిపెట్టారు. రానివాళ్ళు రబ్బరుతో కాగితం చిరిగేదాకా చెరిపారు. పీరియడ్ అయ్యాక చూస్తే ఎవరికీ కొత్తగా వచ్చిందేమీ లేదు, నాతో సహా.

ఆ తర్వాత నాలుగేళ్ళు తడుముకుంటూ తడుముకుంటూ ఒక వరుస కుదిరింది. ఎనిమిదో తరగతికి ఎనిమిది పీరియడ్లు. బొమ్మలు రాని టీచర్ కూడా చేయించొచ్చు, ఇంకా చెప్పాలంటే బొమ్మలు రాకపోతేనే మేలు, ఎందుకంటే బోర్డు మీద వేసి చూపించాలన్న దురద ఉండదు. మాది నల్గొండ వైపు, పోచంపల్లి, పుట్టపాక దగ్గరే కాబట్టి ఇది ముగ్గు నుంచి ఇక్కత్ దాకా, అంటే నేయకముందే దారానికి కట్లు కట్టి రంగు వేసే నేత దాకా, వెళ్తుంది. మీది చీరాల అయితే ఇంకా మంచిది, ఎందుకో కింద చెప్తాను.

ముందు హెడ్మాస్టర్ సంగతి. పరీక్షలు దగ్గరపడగానే ఈ పీరియడ్‌ను లెక్కల సార్ లాక్కుంటారు, అది మనందరికీ తెలిసిందే. మీ చేతిలో రెండు మాటలు ఉంచుకోండి. ఒకటి, 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే పదో తరగతి దాకా కళలను తప్పనిసరి సబ్జెక్టుగా పెట్టమంది. 2020 విద్యా విధానం ఒక అడుగు ముందుకేసి చదువు వేరు, కళలు వేరు అనే గోడే ఉండకూడదంది. రెండోది ఇంకా బాగా పనిచేస్తుంది: "సార్, దీంట్లో సౌష్టవం ఉంది, శ్రేణులు ఉన్నాయి, గ్రాఫ్ ఉంది" అని చెప్పండి. అబద్ధం కాదు. మా లెక్కల సార్ మూడో పీరియడ్‌కి తనే వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. సుద్దముక్కలు, లెక్కల గళ్ళ నోటుబుక్కు, పాత న్యూస్‌పేపర్లు, పూలు కట్టే తెల్ల నూలు దారం రెండు ఉండలు, వంటకు వాడే పసుపు ఒక పొట్లం, పంక్చర్ షాపులో ఊరికే ఇచ్చే పాత సైకిల్ ట్యూబు. స్కెచ్ పెన్నులు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళవి, కానీ ఒక్కొక్కరు రెండు రంగులకు మించి వాడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, రబ్బరు నిషేధం. తప్పు పోతే పక్కన ఇంకోటి వేయమనండి. మొదటి రెండు పీరియడ్లు గోల చేస్తారు, మూడో పీరియడ్‌కి మర్చిపోతారు.

మొదటి పీరియడ్‌లో ఎవరూ ఏమీ వేయరు. "మీ ఇంటి ముందు ముగ్గు ఎవరు వేస్తారు? ఎన్ని చుక్కలు?" అని అడగండి. మా దగ్గర మొదటిసారి అడిగినప్పుడు వెనక నుంచి ఒకడు "ముగ్గులు ఆడపిల్లలవి సార్" అన్నాడు. నేనేం ఉపన్యాసం ఇవ్వలేదు. బోర్డు మీద ఏడు చుక్కలు పెట్టి, దానికి పైన కిందా సందుల్లో ఆరు, ఆరు, తర్వాత ఐదు, ఐదు, తర్వాత నాలుగు, నాలుగు పెట్టి "మొత్తం ఎన్నిరా?" అన్నాను. వాడు ఒక్కొక్కటి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ముందు బెంచీ అమ్మాయి లెక్కపెట్టకుండానే 37 అంది. ఎలా చెప్పావంటే "ఆరు, ఐదు, నాలుగు పదిహేను, రెండు వైపులా ముప్పై, నడుమ ఏడు" అంది. వాళ్ళమ్మ సంక్రాంతికి పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వచ్చే వరకు పెడుతుందట. "అది ఎంత?" అంటే క్లాసంతా మీద పడి లెక్కేశారు. 169. ఆ తర్వాత ముగ్గు ఎవరిది అన్న ప్రశ్న మళ్ళీ రాలేదు.

ఇంటికి పని: అమ్మనో, నానమ్మనో, పక్కింటి అత్తనో అడిగి ఒక ముగ్గు లెక్క తేవాలి. ఎన్ని చుక్కలు, సరి చుక్కా (చుక్క కింద చుక్క) సందు చుక్కా (రెండు చుక్కల సందులో చుక్క), ఎక్కడ ఆగాలి, దానికి ఇంట్లో ఏమని పేరు. బొమ్మ తేవద్దు, లెక్క మాత్రమే. ఇక్కడ ఒక జాగ్రత్త. క్లాసులో ముస్లిం పిల్లలు ఉంటారు, ముగ్గు వేసే అలవాటు లేని ఇళ్ళ పిల్లలు ఉంటారు, హాస్టల్ పిల్లలు ఉంటారు. వాళ్ళను బలవంతంగా ముగ్గులోకి లాగకండి. ఇంట్లో నేల మీద టైల్స్, మెహందీ డిజైను, కిటికీ జాలీ, చాప అల్లిక, మంచం నవారు, ఏదైనా సరే, లెక్క ఉన్న అల్లిక ఒకటి చాలు. మనకు కావాల్సింది గడి, పండగ కాదు. ఒకసారి ఒక పిల్లాడు తన మంచం నవారు లెక్క తెచ్చాడు, రెండు పైకి రెండు కిందికి అని. ఆ ఏడాదికి అదే అన్నిటికంటే మంచి డిజైను అయింది.

రెండో పీరియడ్ వరండాలో. ఇద్దరిద్దరిని వీపులు ఆనించి కూర్చోబెట్టండి. ఒకరి చేతిలో ముగ్గు ఉంటుంది, వాళ్ళు నోటితో చెప్పాలి, రెండోవాళ్ళు చూడకుండా సుద్దతో నేల మీద వేయాలి. చిన్నది చాలు, 1-3-5-7-5-3-1, మొత్తం 25 చుక్కలు. మొదటి ఐదు నిమిషాలు వినండి, భలే ఉంటుంది. "అట్ల కాదే, పక్కకు!" "ఏ పక్కకు?" "అటు పక్కకు!" ఎవరి బొమ్మా కుదరదు. అప్పుడు ఆపి అడగండి: అటు, ఇటు అనే మాటలు తీసేస్తే ఎలా చెప్తారు? మెల్లగా వాళ్ళే వరుసలకు నంబర్లు ఇస్తారు, "మూడో వరుస రెండో చుక్క కింద నుంచి వచ్చి నాలుగో వరుస మూడో చుక్క పైన తిరుగు" అంటారు. నేను తెలుగు టీచర్ని కాబట్టి చెప్తున్నా, వ్యాసరచనలో ఏడాదంతా చెప్పినా రాని స్పష్టత ఈ ఇరవై నిమిషాల్లో వచ్చింది. మగ్గం మీద పనిచేసేవాళ్ళకు, ఇల్లు కట్టే మేస్త్రీకి, ప్రింటింగ్ ప్రెస్సులో కుర్రాడికి కూడా మనసులో ఉన్న ఆకారాన్ని ఇంకొకరి చేతికి అందించడమే కదా పని.

మూడోది సొంతంగా వేయడం. అదే 25 చుక్కలు, అందరికీ ఒకటే రూలు: మెలికల ముగ్గులాగా గీత ప్రతి చుక్క చుట్టూ తిరగాలి, చుక్కను తాకకూడదు, ఎక్కడ మొదలైందో అక్కడికే చేరాలి. ఇంతే. ఎంత కావాలంటే అంత స్వేచ్ఛ ఇస్తే పిల్లలు కొండల మధ్య సూర్యుడు, ఇల్లు, కొబ్బరిచెట్టు వేస్తారు, నూటికి తొంభై మంది అదే, మీరూ చూసే ఉంటారు. రూలు బిగిస్తే మాత్రం ఒకరిది ఒకరికి కలవదు. నాకు ఇది అర్థం కావడానికే రెండేళ్ళు పట్టింది. "మీ ఇష్టం వచ్చింది వేయండి" అనడం పిల్లలకు ఇచ్చే బహుమతి అనుకునేవాణ్ణి, నిజానికి అది నేను పాఠం తయారు చేసుకోలేదని ఒప్పుకోవడం.

గీత తెగిపోయి రెండు మూడు వేరు వేరు తీగలు వస్తాయి కొందరికి. తప్పనకండి. ఎన్ని తీగలు వచ్చాయో వేళ్ళతో వెంబడించి లెక్కపెట్టమనండి, ఎక్కడ మలుపు మారిస్తే అవి కలుస్తాయో వెతకమనండి. కొందరు బెల్లు కొట్టినా లేవరు.

నాలుగో పీరియడ్‌తో డిజైన్ పని నిజంగా మొదలవుతుంది. ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్తాను, మీరు చేయకండి. గళ్ళ నోటుబుక్కులో 20 గళ్ళ వెడల్పు, 20 గళ్ళ ఎత్తు తీసుకుని అందులోకి మీ ముగ్గును ఎక్కించండి అన్నాను. ఏడు చుక్కల ముగ్గుకి నడిమి చుక్క ఉంటుంది, 20కి నడుమ గడి ఉండదు. అందరి బొమ్మల్లోనూ నడుమ గీత లావుగా, రెండు గళ్ళు వచ్చింది, కొందరికి ఒక పక్కకు ఒరిగింది. "సార్, మధ్యది ఎటు పోయింది?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్ళి కాగితం మీద నేను వేసి చూసుకున్నాక వెలిగింది. 21 తీసుకోండి. నడిమి వరుస ఒకటి, అటు పది, ఇటు పది. పిల్లలు మూలన ఉన్న పావు భాగం, నడిమి వరుసలతో కలిపి 11 గళ్ళ వెడల్పు 11 ఎత్తు, అంటే 121 గళ్ళు నింపితే చాలు, మిగతా మూడు పావులు అద్దంలో చూసినట్టు తిప్పి వేయొచ్చు.

గళ్ళలోకి ఎక్కించగానే ఒక గొడవ మొదలవుతుంది. గుండ్రటి మెలిక మెట్లు మెట్లుగా మారుతుంది. "సార్ ఇది పాడైంది" అంటారు. అప్పుడు ఎవరి ఇంట్లోనైనా ఉన్న పోచంపల్లి చీరో దుప్పటో, లేదంటే స్టాఫ్‌లో ఎవరైనా కట్టుకొచ్చినదో తెచ్చి బెంచీ మీద పరచండి. ఫోన్లో ఫొటో కాదు, గుడ్డే కావాలి. దగ్గరికి వచ్చి చూడమనండి. ఆ ఏనుగులు, చిలకలు, పూలు అన్నీ మెట్లే. దూరం వెళ్ళమనండి. గుండ్రంగా కనిపిస్తాయి. మళ్ళీ దగ్గరికి. మా క్లాసులో ఒక అమ్మాయి అప్పటిదాకా నోరు విప్పనిది, చీర అంచు వేలితో పట్టుకుని "ఇది మా నాన్న గ్రాఫ్ కాగితం మీద వేస్తడు సార్, పెన్సిల్‌తో గళ్ళు నింపుతడు, నేను కూడా నింపిన" అంది. ఎనిమిదేళ్ళు ఆ పిల్ల బడికి వచ్చింది, తనకు ఏం వచ్చో మాలో ఎవరికీ తెలియదు. ఆ రోజు మిగతా పీరియడ్ ఆ పిల్లే చెప్పింది, నేను విన్నాను.

నేత కుటుంబాల పిల్లలు మీ క్లాసులో ఉంటే ముందే తెలుసుకోండి. ఆసు పోయడం చూసినవాళ్ళు ఉంటారు: అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల చుట్టూ దారం తిప్పుతూ చేతిని అటూ ఇటూ వేల సార్లు ఆడించే పని, ఆ ఇళ్ళలో తల్లులు చేసేది. వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. "డిజైన్ అంటే ఏంటి సార్?" అని అడిగితే నేను ఈ కథే చెప్తాను. అందంగా వేయడం గురించి కాదు కదా అది, ఒక మనిషి భుజం గురించి.

ఐదో పీరియడ్ తొందరగా అయిపోతుంది. ఒక్కొక్కరి 21 గళ్ళ బుటాను నాలుగుసార్లు పక్కపక్కన పెట్టించండి, ఒకసారి నేరుగా, ఒకసారి సగం దించి, ఒకసారి తిప్పి. నాలుగూ కలిసే చోట కొత్త ఆకారం పుడుతుంది, వాళ్ళు వేయనిది. దాన్ని కనిపెట్టిన వాళ్ళకి చప్పట్లు. టైము ఉంటే అంచు కూడా వేయించండి, మూల తిరిగే చోట ఏం చేస్తారో చూడండి, మంచి మంచి వాళ్ళు కూడా మూల దగ్గర తడబడతారు.

ఆరో పీరియడ్ దారం. దీనికి కొంచెం ముందే సిద్ధం కావాలి. పూల దారాన్ని ముందు రోజు సబ్బు వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి ఆరేయండి, గంజి ఉంటే రంగు పట్టదు. లీటరు నీళ్ళకు మూడు చెంచాల పసుపు వేసి పావుగంట మరిగించండి, ఇది మధ్యాహ్న భోజనం వండే అక్కను అడిగితే పొయ్యి మీద ఒక పక్కన పెట్టిస్తుంది, వేడిది మీరే మోసుకురండి, పిల్లల చేత మోయించకండి. ఒక్కో జట్టు లాంగ్ నోటుబుక్కు చుట్టూ దారాన్ని ఇరవై చుట్లు చుట్టి, జారకుండా తీసి, ఆ చుట్టకు మూడు చోట్ల సైకిల్ ట్యూబు ముక్కలను వేలు వెడల్పున బిగుతుగా కట్టాలి. ఎంత బిగిస్తే అంత తెలుపు. నీళ్ళలో ఒకసారి తడిపి, గోరువెచ్చగా అయిన పసుపు నీళ్ళలో ఇరవై నిమిషాలు. తీసి కడిగి నీడన ఆరేయాలి. విప్పడం మర్నాడే, తడిగా విప్పితే పసుపు పాకుతుంది. మేం ఆగలేక ఒకసారి విప్పేశాం, అన్నీ పచ్చ పచ్చగానే మిగిలాయి.

మర్నాడు విప్పగానే పచ్చటి దారంలో మూడు తెల్ల పట్టీలు. చుట్టను ఒక చోట కత్తిరించి, దారాలను బెంచీ మీద పక్కపక్కన పరిచి, తెల్ల పట్టీలన్నీ ఒకే వరుసలో వచ్చేలా సర్దమనండి. ఎంత సర్దినా అంచులు కొంచెం ఎగుడుదిగుడుగా, ఈకల్లాగా వస్తాయి. ఇప్పుడు మళ్ళీ ఆ చీర అంచు చూపించండి. ఇక్కత్‌లో రంగుకీ రంగుకీ మధ్య ఆ మసక అంచు అచ్చు తప్పు కాదని, బట్ట నేయకముందే దారానికి రంగు వేయడం వల్ల వచ్చిందని ఎవరూ చెప్పకుండానే వాళ్ళకు తెలిసిపోతుంది. తర్వాత ఒక్కో దారాన్ని పక్కదాని కంటే చీమంత కిందికి జరపమనండి. తెల్ల పట్టీ వాలుగా మారుతుంది, రెండు వైపుల నుంచీ జరిపితే బాణం మొన వస్తుంది. మా వాళ్ళు "అరె!" అన్నారు చూడండి, ఆ ఒక్క మాట కోసమే నేను ప్రతి ఏడాదీ వేళ్ళు పచ్చగా చేసుకుంటున్నాను. మిగిలిన ముక్కను సబ్బు నీళ్ళలో ముంచండి, పసుపు ఎర్రబడుతుంది. సైన్స్ మేడమ్‌కి పంపించండి, సూచికల పాఠం ఆమె అక్కడి నుంచి ఎత్తుకుంటారు.

చీరాల సంగతి చెప్తానన్నాను కదా. తేలియా రుమాళ్ళు అక్కడివే. నూలును ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు ఈ మూడు రంగుల్లోనే చదరపు గుడ్డలు నేసేవాళ్ళు, అవి అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్ళేవి. ఇప్పుడు పుట్టపాకలో ఆ పని నిలబడి ఉంది. మూడే రంగులు, చదరమే ఆకారం. రెండు రంగులు మించొద్దంటే ఏడ్చే పిల్లలకు ఈ గుడ్డ ఒక్కటి చాలు జవాబు.

ఏడో పీరియడ్‌లో ఆ బుటా ఎవరి కోసం అన్నది తేలాలి. ప్రతి జట్టుకీ బడిలోనే ఒక మనిషిని ఇవ్వండి: వంట అక్క, అటెండరు, ఆరో తరగతిలో కొత్తగా చేరినవాడు, హెడ్మాస్టర్. వాళ్ళకు ఒక చేతిగుడ్డ తయారు చేయాలి, కాగితం మీదే. ముందు వెళ్ళి మూడు ప్రశ్నలు అడిగి రావాలి. "మీకు ఏ రంగు ఇష్టం?" అనే ప్రశ్న మాత్రం వద్దు. గుడ్డ ఎప్పుడు తీస్తారు, ఎక్కడ పెట్టుకుంటారు, దేనికి తుడుస్తారు, ఇలాంటివి అడగాలి. ఒక జట్టు మల్లెపూవులా తెల్లటి నేల మీద ఎర్ర బుటా వేసుకుని వంట అక్క దగ్గరికి పోయింది. ఆమె చూసి "చారు తుడిస్తే ఇది ఏం గావాలె బిడ్డా, నడుముకు చెక్కుకునే కొస కూడా లేదు" అంది. తిరిగొచ్చి నేలను ముదురు రంగు చేశారు, ఒక కొసను పొడుగు చేశారు, బుటాను చెక్కుకునే చోట కాకుండా కిందికి తెచ్చారు. మూడు మార్పులు. ఆ మూడింటినీ పాత కాగితం పక్కనే రాయించండి, ఎందుకు మార్చారో ఒక్కో వాక్యంతో.

ఎనిమిదో పీరియడ్‌లో అన్నీ తాడు మీద వేలాడదీయండి, క్లిప్పులు లేకపోతే చీపురు పుల్లలు విరిచి గుచ్చండి. మాట్లాడుకోవడం ఉంటుంది, "బాగుంది", "సూపర్" అనే మాటలు మాత్రం నిషేధం. రెండే ప్రశ్నలు: కన్ను ముందు ఎక్కడికి పోయింది? ఒక్కటి తీసేయాలంటే ఏది తీస్తావు? మొదట నిశ్శబ్దంగా ఉంటుంది, భయపడకండి, మీరు నింపకండి.

గ్రేడు సంగతి. కో-కరిక్యులర్ కింద కళలు, సాంస్కృతిక విద్యకు ఎలాగూ గ్రేడు వేయాలి, చాలామంది హాజరు పట్టీ చూసి ఏ అని వేసేస్తారు. నేను చివరి బొమ్మకు వేయను. మొదటి కాగితానికీ చివరి కాగితానికీ మధ్య ఏం మారింది, ఎందుకు మారింది, దానికి వేస్తాను. అందుకే రబ్బరు వద్దన్నది, చెరిపేస్తే నాకు చూడ్డానికి ఏమీ మిగలదు. చేయి తిరిగిన పిల్లలు కొందరికి బి వస్తుంది, మొదటి కాగితమే చివరిది కాబట్టి. తల్లిదండ్రులు వచ్చి అడిగారు కూడా, "మావాడు ఫొటో దించినట్టు వేస్తాడు కదా సార్" అని. కాగితాలన్నీ వరుసగా పరిచి చూపించాను. కొందరు ఒప్పుకున్నారు, కొందరు లేదు.

పదో తరగతి పిల్లలు "దీంతో ఏం వస్తుంది సార్?" అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. పది తర్వాతే చేరాలంటే వెంకటగిరిలో చేనేత టెక్నాలజీ డిప్లొమా ఉంది, మూడేళ్ళు. ఇంటర్ తర్వాత హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూలో (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, మాదాపూర్‌లో నిఫ్ట్ (ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ), ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ), ఐఐటీల్లో బీడిజైన్, అంటే డిజైన్ డిగ్రీ, చేయడానికి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష. నిఫ్ట్ డిజైన్ కోర్సులకు, ఎన్ఐడీకి, యూసీడ్ పరీక్ష రాయడానికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు, ఎంపీసీయే ఉండాలనుకుని ఆగిపోయే పిల్లలు చాలామంది. ఆ ప్రవేశ పరీక్షల్లో చూసి వేయడం, ఆకారాన్ని మనసులో తిప్పడం, ఒక సమస్యకు దారి చెప్పడం అడుగుతారు. ఫీజులు మాత్రం ముందే కనుక్కుని ఇంట్లో చెప్పమనండి, తర్వాత చెప్తే గొడవ.

చివరగా, ఆ పచ్చ దారాలను కిటికీకి వేలాడదీయకండి. ఎండకు వారం తిరక్కుండా వెలిసిపోతాయి. న్యూస్‌పేపర్లో చుట్టి బీరువాలో పెట్టండి, కింది అరలో వద్దు, ఎలుకలు ఉంటాయి.